ఓడ ఎక్కే ముందు సూట్‌కేసులో ఏం పెట్టాలి, ఖాతాలో ఎంత ఉంచాలి?

ప్రశ్న: మాది తెనాలి. మావారు జూనియర్ కాలేజీ లెక్చరర్. నేను ఇంటి దగ్గరే బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మా పెళ్లయి 25 ఏళ్లు నిండుతున్నాయని డిసెంబరులో సింగపూర్ నుంచి పెనాంగ్, ఫుకెట్ చూసొచ్చే 4 రాత్రుల క్రూయిజ్ బుక్ చేసుకున్నాం. విమాన టికెట్లతో కలిపి 2.40 లక్షలు. ఆర్‌డీ డబ్బు రాగానే మొత్తం కట్టేశాం. ప్రయాణానికి ఇంకా రెండున్నర నెలలుంది. తీసుకెళ్లాల్సిన వాటికి జాబితా రాస్తే 85,000 రూపాయలు తేలింది. రెండు పెద్ద ట్రాలీ సూట్‌కేసులు 14,000, ఆయనకు సూటు 22,000, నాకు గౌన్లు, డ్రెస్సులు 18,000, మంచి కెమెరా ఉన్న ఫోను 26,000, చెప్పులు, బూట్లు, చిల్లర సామాను 5,000. దీన్ని క్రెడిట్ కార్డు మీద 12 నెలల ఈఎంఐగా పెట్టాలా, లేక జనవరిలో బాబు ఇంజినీరింగ్ ఫీజు కోసం ఉంచిన 95,000 ఎఫ్‌డీ తీయాలా? నెలకు 18,000 మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో 20,000 ఉంది. నా నగలు పది కాసులు ఉంటాయి, వేసుకెళ్లొచ్చా? ఆయనకు షుగరు, నాకు బీపీ ఉన్నాయి.

జవాబు: అమ్మా, ముందుగా మీ ఇద్దరికీ శుభాకాంక్షలు. ఈ రోజుల్లో యాత్ర ముందు, అప్పు తర్వాత అన్నట్టుగా చాలామంది బయల్దేరుతున్నారు. మీరు ఆర్‌డీ కట్టుకుని, అది చేతికొచ్చాకే టికెట్లు కొన్నారు. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన మాట అదే. చివరిదాకా అదే పద్ధతిలో నడుద్దాం. ఈఎంఐ వద్దు, బాబు ఫీజు ఎఫ్‌డీని తాకనే వద్దు.

ఈఎంఐ ఎందుకు వద్దంటే, 85,000కు ఏడాదికి 15 శాతం వడ్డీ వేసుకున్నా నెలకు దాదాపు 7,700 కట్టాలి. ఏడాదికి వడ్డీ 7,000 పైచిలుకు, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఆపైన ప్రాసెసింగ్ ఫీజు. అంటే 8,000 పైనే పోతుంది. ఆ డబ్బుతో మీ ఇద్దరికీ మంచి ట్రావెల్ ఇన్సూరెన్స్ వస్తుంది. మీ జాబితా రెండుసార్లు చదివాను, అందులో ఇన్సూరెన్స్ లేదు.

ఇంకొకటి కూడా లేదు. ఓడ బిల్లు. మీరు కట్టిన డబ్బులో గది, మామూలు రెస్టారెంట్లలో, బఫేలో భోజనం, ప్రదర్శనలు వస్తాయి. సిబ్బందికి ఇచ్చే టిప్పు, వైఫై, కూల్‌డ్రింకులు, ప్రత్యేక రెస్టారెంట్లు, బట్టలు ఉతికించడం, ఇస్త్రీ, రేవులో దిగి చూసే టూర్లు, ఓడవాళ్లు తీసే ఫొటోలు, డాక్టరు ఫీజు సాధారణంగా విడిగా ఉంటాయి. ఓడలో ఖర్చులకు నోట్లు ఇవ్వక్కర్లేదు. గది కార్డు గీస్తూ పోతారు, అన్నీ ఒకే ఖాతాలో పడి చివరి రోజు బిల్లు వస్తుంది. టిప్పు ఒక్కటే చూడండి. అమెరికన్ డాలర్లలో లెక్కగట్టే ఓడల్లో మనిషికి రోజుకు 18 డాలర్లకు అటూ ఇటూగా వేస్తున్నారు. 18 లెక్కన ఇద్దరికీ 4 రోజులకు 144 డాలర్లు, డాలరు 90 రూపాయలనుకుంటే 13,000 దగ్గర. మీ ప్యాకేజీలో టిప్పు కలిసి ఉందా, ఓడ లెక్క అమెరికన్ డాలర్లలోనా, సింగపూర్ డాలర్లలోనా అన్నది ఈ వారమే ఏజెంటును అడిగి కాగితం మీద తీసుకోండి.

అందుకే సూట్‌కేసు సర్దేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఈ వస్తువు ఓడలో మీ బిల్లును తగ్గిస్తుందా? తగ్గిస్తే అది 200 రూపాయలదైనా ముందు పెట్టండి. ఫొటోలో బాగుండడానికే అయితే, ఇంట్లో ఉన్నదానితో సరిపెట్టుకోండి.

డబ్బు లెక్క ఇలా వేశాను. రెండున్నర నెలల మిగులు 45,000, సేవింగ్స్‌లోది 20,000, మొత్తం 65,000. ఇందులో 25,000 ఇన్సూరెన్సుకూ కొనుగోళ్లకూ, 40,000 ఓడ మీదా రేవుల్లోనూ ఖర్చుకు. టిప్పు ప్యాకేజీలోనే ఉందని తేలితే ఆ 13,000 మిగులుతుంది, దాన్ని ఎక్కడ పెట్టాలో మళ్లీ వెతుక్కోకండి, ఇంటికి తిరిగొచ్చాక ఖాతాలోనే ఉండనివ్వండి.

ఇప్పుడు జాబితాకు వద్దాం. 22,000 సూటు అక్కర్లేదు. ఓడల్లో ఒక రాత్రి కాస్త బాగా ముస్తాబై రావాలంటారు, అంతే. సంప్రదాయ దుస్తులను వాళ్లు చక్కగా ఒప్పుకుంటారు. ఆయనకు పట్టు కుర్తా, మీకు మీ పెళ్లిరోజు చీర. ఆ హాలులో మీకన్నా నిండుగా ఎవరుంటారు? గౌన్లు కావాలని మీకు సరదాగా ఉంటే మిషన్ మీ చేతిలోనే ఉంది. బట్ట కొని రెండు కుట్టుకోండి. క్రేప్, జార్జెట్, నిట్ బట్ట అయితే మంచిది, ముడతలు పడవు. ఇది ఎందుకు చెబుతున్నానంటే ఇస్త్రీపెట్టె, స్టీమరు, కరెంటు కెటిల్, రైస్ కుక్కర్ లాంటివి మంటల భయంతో ఓడలోకి రానివ్వరు. ఎక్కేటప్పుడు స్కానింగ్‌లో తీసి పక్కన పెట్టి, దిగేటప్పుడు ఇస్తారు. గంజి పెట్టిన మంగళగిరి చీరలు నాలుగు తీసుకెళితే, ప్రతి చీరకూ ఓడ లాండ్రీలో డాలర్లు కట్టి ఇస్త్రీ చేయించాలి. తేలికగా ఆరే లోదుస్తులు, టీషర్టులు తీసుకెళితే రాత్రి బాత్‌రూమ్‌లో ఉతికి ఆరేసుకోవచ్చు. చాలా గదుల్లో అక్కడ చిన్న తీగ కూడా ఉంటుంది.

ఈత కొలనులో దిగాలనుకుంటే ఈత దుస్తులు తప్పనిసరి. కాటన్ చుడీదార్‌తో, లుంగీతో దిగనివ్వరు. ఒళ్లంతా కప్పే స్విమ్ సూట్లు ఇక్కడే దొరుకుతాయి, ఓడ దుకాణంలో కొంటే ఎక్కువ పడుతుంది. ఏసీ బాగా పెడతారు, ఇంట్లో ఉన్న శాలువా, స్వెట్టరు చెరొకటి పెట్టండి. పట్టు ఉన్న చెప్పులు ఒక జత కొత్తవి కొనండి, తడిసిన డెక్ మీద జారితే తర్వాతి ఖర్చు చెప్పులతో ఆగదు.

సూట్‌కేసులు కొనకండి. చెల్లెలి దగ్గరో ఆడపడుచు దగ్గరో అడిగి తెచ్చుకోండి. ఓడ గది చిన్నది, రెండు పెద్ద పెట్టెలు తెరిచి పెడితే నడవడానికి చోటుండదు. విమానంలో మీ టికెట్‌కు ఎన్ని కిలోలు ఇస్తారో ముందే చూసుకుని, ఇంట్లోనే తూకం వేయండి. విమానాశ్రయంలో అదనపు కిలోలకు కట్టే డబ్బు చాలా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అది పూర్తిగా తప్పించగలిగిన ఖర్చు. ఫోను సంగతి కూడా ఇంతే. ఉన్న ఫోన్లో పాత వీడియోలు తీసేసి ఖాళీ చేసుకోండి. నీళ్లు తగలకుండా ఒక ప్లాస్టిక్ పౌచ్ కొనండి. పవర్‌బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయనివ్వరు. సింగపూర్‌లో ప్లగ్గు మనలా గుండ్రటి పిన్నులది కాదు, మూడు పలక పిన్నులది. ఒక అడాప్టర్ కొంటే చాలు.

మంచినీళ్ల సీసా ఒక్కొక్కటి పెట్టుకోండి. బఫే దగ్గర నీళ్లు ఉచితం, సీల్ వేసిన సీసా అడిగితే బిల్లు పడుతుంది. తినేవాటిలో కంపెనీ ప్యాకింగ్‌తో ఉన్న చిరుతిళ్లు తప్ప ఇంటి వంట తీసుకెళ్లకండి, ఓడలోకి రానివ్వరు. ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. సింగపూర్‌లో గసగసాలు నిషేధం. ఇంట్లో కొట్టుకున్న మసాలా పొడిలో గసగసాలు వేసే అలవాటు మనకుంది. ఆ పొట్లం పెట్టెలో ఉండకూడదు.

మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం మీద నాకు ఎక్కువ ఆలోచన ఉంది. ఆయనకు షుగరు, మీకు బీపీ. మనిషికి రెండు వారాలకు సరిపడా మందులు, కంపెనీ స్ట్రిప్పుల్లోనే, డాక్టరు చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. పెట్టెలో వేయకండి. సింగపూర్‌లో మెరీనా బే క్రూయిజ్ సెంటర్ లాంటి టెర్మినల్‌లో పెద్ద పెట్టెలకు ట్యాగ్ కట్టి తీసేసుకుంటారు. అవి గది ముందుకు వచ్చేసరికి సాయంత్రం కావచ్చు, రాత్రి కావచ్చు. మధ్యాహ్నం మాత్ర పెట్టెలో ఉంటే ఓడ డాక్టరు దగ్గరకు వెళ్లాలి. అక్కడ చూపించుకున్న ఫీజు, మందు, అన్నీ గది ఖాతాలో డాలర్లలో పడతాయి. మీ ఇంటి హెల్త్ పాలసీ సాధారణంగా దేశం బయట పనిచేయదు. వాంతుల మాత్రలు కూడా ఇక్కడే మీ డాక్టరును అడిగి తీసుకోండి, బీపీ మందుతో పడతాయో లేదో ఆయనే చెప్పాలి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందులు వాడుతుంటే సింగపూర్‌లో ముందే అనుమతి అవసరం కావచ్చు, వీలైతే డాక్టరును అడిగి వాటిని మానేసి వెళ్లడం తేలిక.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు షుగరు, బీపీ దాచకండి. ప్రీమియం కొంచెం పెరిగినా చెప్పండి. చెప్పని జబ్బుతో క్లెయిమ్ వస్తే పాలసీ కాగితం వరకే మిగులుతుంది. ఓడ ప్రయాణానికి కవర్ ఉందా, విమానం ఆలస్యమై ఓడ తప్పిపోతే ఏమిస్తారు, ఓడ నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందా, ఈ మూడూ రాతలో చూడండి. ఓడ బయల్దేరే రోజు పొద్దున దిగే విమానం కాకుండా ముందురోజు చేరేలా టికెట్ ఉంటే సగం టెన్షన్ పోతుంది.

ఇక కార్డు. ఓడ ఎక్కేటప్పుడు ఒక కార్డు ఖాతాకు జతచేయమంటారు. డెబిట్ కార్డు ఇవ్వకండి. నా దగ్గర సలహా తీసుకునే ఒక దంపతులు అలా ఇచ్చారు. ఓడవాళ్లు రోజూ కొంత డబ్బు పట్టి ఉంచారు. దిగాక అసలు బిల్లు విడిగా కోశారు, పట్టి ఉంచినది తిరిగి రావడానికి పది రోజుల పైనే పట్టింది. ఈలోగా ఖాతాలో డబ్బు లేక వాళ్ల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా వేసే) వాయిదా తిరిగొచ్చింది, బ్యాంకు చార్జీ కూడా పడింది. క్రెడిట్ కార్డు అయితే పట్టి ఉంచేది కార్డు లిమిట్‌లోంచే, ఖాతాలోని డబ్బు ఆగిపోదు. కానీ మామూలు కార్డుకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం దాకా మార్కప్ (బ్యాంకు వేసే అదనపు చార్జీ), దాని మీద జీఎస్టీ ఉంటాయి. 40,000కు 1,650 రూపాయల దాకా అన్నమాట. మార్కప్ లేని కార్డు ఉంటే అదే వాడండి, లేకపోతే దీనికోసం కొత్త కార్డుకు పరుగెత్తాల్సిన పని లేదు. రేవు దుకాణాల్లో మిషన్ మీద రూపాయల్లో కట్టాలా, అక్కడి కరెన్సీలోనా అని అడుగుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్లు వేసిన రేటు కట్టాలి. పెనాంగ్‌లో, ఫుకెట్‌లో టీ, ఆటోల్లాంటి వాటికి కొద్దిపాటి నగదు చాలు. ఇంటికి వచ్చాక బిల్లు మొత్తం గడువులోగా కట్టేయండి. మినిమం డ్యూ అన్నది మీ కంటికి కనిపించకూడదు.

ఓడ కదలగానే ఫోన్లను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. నడి సముద్రంలో ఫోను ఓడ నెట్‌వర్క్‌ను పట్టుకుంటుంది. మన రోమింగ్ ప్యాక్‌లు చాలావరకు అక్కడ పనికిరావు, వచ్చే బిల్లు చూసి గుండె దడ పుడుతుంది. బాబుతో రేవులో దిగినప్పుడు మాట్లాడండి. పెనాంగ్‌లో ఓడలు ఆగే స్వెటెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్‌కు ఆనుకునే ఉంటుంది. అక్కడికి ఓడవాళ్ల టూరు కొనక్కర్లేదు. లిటిల్ ఇండియా, మహామారియమ్మన్ గుడి నడిచి చూడొచ్చు. ఫుకెట్‌లో దూరాలు ఎక్కువ, అక్కడ మాత్రం టూరు గురించి ఆలోచించండి, సమయానికి ఓడకు చేర్చే పూచీ వాళ్లదే.

నగల విషయంలో నా మాట గట్టిగానే ఉంటుంది. పుస్తెలు, చెవులవి, చేతికి ఒక జత గాజులు చాలు. మిగతావి ఇంట్లో బీరువాలో కాదు, బ్యాంకు లాకర్‌లో పెట్టి వెళ్లండి. గదిలో చిన్న సేఫ్ ఉంటుంది గానీ, రోజూ తీసి పెడుతూ లెక్క చూసుకుంటూ పెళ్లిరోజు గడపడం ఎందుకు? తప్పనిసరిగా తీసుకెళ్లాలంటే బయల్దేరేటప్పుడే విమానాశ్రయం కస్టమ్స్ దగ్గర వాటికి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇవి మనవేనని రుజువు చేసుకోవడం కష్టం.

మీ ప్యాకేజీ బిల్లులో టీసీఎస్ పేరుతో కొంత పట్టుకుని ఉంటారు, చూడండి. దాని రేటు బడ్జెట్లలో మారుతూ వచ్చింది కాబట్టి మీ బిల్లులో ఉన్న అంకే లెక్క. అది ఖర్చు కాదు, పాన్ మీద జమ అయిన పన్ను. మీవారి పాన్ ఇచ్చారా, మీ పాన్ ఇచ్చారా అన్నది ముఖ్యం. ఆయనదైతే 2024 అక్టోబరు నుంచి ఉన్న వెసులుబాటు ప్రకారం, జీతం వేసే కార్యాలయానికి ఆ వివరం ఇస్తే మిగిలిన నెలల టీడీఎస్‌లో తగ్గిస్తారు. మీ పాన్ మీద ఉంటే మీ పేరున రిటర్ను వేసి తీసుకోవాలి. ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో (ఇన్నాళ్లూ ఫామ్ 26ఏఎస్ అనేవాళ్లం) ఆ మొత్తం కనిపిస్తోందో లేదో ప్రయాణానికి ముందే చూసుకోండి, ఏజెంటు జమ చేయడం మరిచిపోతే అడగడానికి వ్యవధి ఉంటుంది.

ఆఖరి రాత్రి పెద్ద పెట్టెలు గది తలుపు బయట నడవాలో పెట్టమంటారు, రాత్రికి రాత్రే తీసుకెళ్లిపోతారు. తెల్లారి వేసుకునే బట్టలు, చెప్పులు, మందులు, పాస్‌పోర్టులు ముందే తీసి చేతి సంచిలో పెట్టుకోండి. పడుకునే ముందు గదిలో టీవీలోనో రిసెప్షన్ దగ్గరో బిల్లు తెరిచి వరుసగా చదవండి. మీరు తాగని కాఫీ ఏదైనా ఉంటే అప్పుడే చెప్పండి, ఓడలో ఉండగానే సరిచేస్తారు.