బెంగలీస్ పెంచిన జీబ్రా ఫించ్ పాట: జన్యువు వాటా ఎంత, నేర్పు వాటా ఎంత?

అడిగింది ఇదీ: బెంగళూరు మారతహళ్ళి ఫ్లాట్‌లో జీబ్రా ఫించ్ (పంజరాల్లో పెంచే చిన్న పాట పిట్ట) గుడ్లను మరో ఫించ్ జాతి అయిన బెంగలీస్ ఫించ్ జంట కింద పెట్టి పొదిగించారు. పిల్లల్లో మగది మూడు నెలలు దాటినా జీబ్రా పాట ఎత్తుకోలేదు, పెంచిన తండ్రిలాగే పాడుతోంది. జన్యులోపమా?

లోపం కాదండీ. ఫించ్‌కి పాట గుడ్డులోంచి రాదు, పెద్ద మగపక్షి దగ్గర విని పట్టుకుంటుంది. గుడ్డు పగిలిన సుమారు 25వ రోజు నుంచి 65వ రోజు దాకా విన్నది బుర్రలో నిలుస్తుంది. 35 రోజులప్పుడు గొణుగుడు మొదలై, 90 రోజులకల్లా పాట ఖాయమైపోతుంది. మీ పిల్ల ఆ రోజుల్లో విన్నది బెంగలీస్ పాటే.

జన్యువుల వాటా తెలియాలంటే పలుకుల (పాటలోని ఒక్కో చిన్న శబ్దం ముక్క) మధ్య ఖాళీలు చూడండి. జపాన్‌లోని ఒకినావాలో ఇలా బెంగలీస్ పెంచిన జీబ్రా పిల్లల్నే పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పలుకుల ఆకారం పెంపుడు తండ్రిది, విరామాలు మాత్రం జీబ్రా జాతివి! ఈ విషయంలో ఇంత అందమైన రుజువు మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇది మీ ఇంట్లోనే కొలవొచ్చు. వాట్సాప్ వాయిస్ నోట్ వద్దు, బాగా కుదించేస్తుంది. 44.1 కిలోహెర్ట్జ్‌లో వేవ్ ఫైలు తీయండి. ఫోన్‌లో నాయిస్ తగ్గించే సెట్టింగు ఆపేయాలి, లేకుంటే అది లేని నిశ్శబ్దాన్ని సృష్టిస్తుంది. ఫ్యాను ఆపి, పంజరానికి అర మీటరు లోపు ఫోన్ ఉంచండి. టైల్సున్న ఖాళీ గదిలో ప్రతిధ్వని విరామాలను నింపేసి చిన్నవిగా చూపిస్తుంది, కాబట్టి చుట్టూ రెండు దుప్పట్లు వేలాడదీయండి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 500 హెర్ట్జ్ కింద కోసేస్తే రింగ్ రోడ్డు హోరు పోతుంది. స్పెక్ట్రోగ్రామ్ (శబ్దాన్ని బొమ్మగా చూపే పటం) సెట్టింగుల్లో విండో 256 పెట్టండి. 1024 పెడితే విరామాల అంచులు మసకబారతాయి. పెంపుడు తండ్రి, ఈ పిల్ల, వేరే జీబ్రా మగది, మూడింటివీ తలా ఇరవై పాటలు కొలిచి పోల్చండి. మూడింటినీ ఒంటరిగా ఉన్నప్పుడే తీయాలి, ఎందుకంటే ఆడపక్షి ఎదురుగా ఉంటే మగది వేగంగా పాడుతుంది.

ఫాక్స్‌పీ2 అనే జన్యువును చాలామంది పాట జన్యువు అంటారు, అది సరికాదు. పాట నేర్వని కోడిలోనూ, ఎలుకలోనూ అది ఉంది. 2007లో బెర్లిన్ శాస్త్రవేత్తలు జీబ్రా పిల్లల మెదడులో ఏరియా ఎక్స్ అనే చోట దాన్ని తగ్గించి చూశారు. పిల్లలు పాడాయి, కానీ అనుకరణ సగంసగంగా, తప్పులతో సాగింది. అంటే పాట అందులో రాసి లేదు, నేర్చుకునే యంత్రాంగానికి అది అవసరం.

పక్షుల్లో పాటల పక్షులు, చిలుకలు, హమ్మింగ్ బర్డ్‌లు, ఈ మూడు గుంపులకే విని కూత నేర్చుకునే గుణం ఖాయంగా ఉందంటారు. హమ్మింగ్ బర్డ్‌లు దూరపు కొమ్మ, వాటికది విడిగా పుట్టింది. చిలుకలు మాత్రం పాటల పక్షులకు దగ్గరి బంధువులే, అందుకే ఆ రెండింటికీ అది ఒకేసారి వచ్చిందా, వేర్వేరుగానా అన్న వాదన తెగలేదు. ఈ మూడింటిలోనూ లేని, ఉగాదికి కూసే కోయిలను చూడండి. కాకి గూట్లో, కాకి చేత తినిపించుకుని పెరిగినా దాని కూత కోయిలదే, ఎవరూ నేర్పనక్కర్లేదు. పాటల పక్షుల వంశంలో ఉన్నది మాత్రం కాకి.

ఇక మీ పక్షి సంగతి. ఖాయమైన పాట ఇక మారదు. తర్వాతి పిల్లలకు సుమారు 35 రోజులొచ్చి సొంతంగా గింజలు తినడం మొదలెట్టగానే, ఒకే ఒక్క పెద్ద జీబ్రా మగదానితో 90 రోజుల దాకా ఉంచండి. 65 దాటాక మారిస్తే ఆలస్యమే. రెండు మగవి ఉంటే పాటలు కలగాపులగం కావచ్చు. స్పీకరులో ఊరికే మోగించినా సరిగ్గా పట్టుకోవు, ఎదురుగా పక్షి ఉండాలి. ఇప్పటి మగదాన్ని జతకట్టిస్తే, దాని కొడుకులకూ బెంగలీస్ పలుకులే వస్తాయి.