ఆట ఉచితమే.. మరి ఖర్చెక్కడ?

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. ఒక బొమ్మల కంపెనీ వెబ్‌సైట్‌లో రంగులు వేస్తూ, పజిల్స్ ఆడుతూ ఉంటుంది. ఆటలన్నీ ఉచితమే. కానీ మూణ్నెల్లుగా ఆ కంపెనీ బొమ్మల మీద మా ఖర్చు రెట్టింపైంది. పోయిన వారం నాకు తెలియకుండానే కార్డు నుంచి డబ్బు కట్ అయింది. ఏ సైటు మంచిదో ఎలా తెలుసుకోవాలి? పూర్తిగా మాన్పించాలా?

సమాధానం: మాన్పించమని చెప్పను. కాకపోతే బొమ్మల కంపెనీ సైటంటే కొట్టేనండి. పిల్లల కోసం కొట్టులో ఓ మూల ఉయ్యాల కట్టారు, అంతే. ఆ ఉయ్యాలకీ గల్లాపెట్టెకీ మధ్య ఎంత దూరముందో మీరు చూసుకోవాలి.

ఈ రాత్రి పాప పడుకున్నాక ఓ పావుగంట మీరే అందులో ఆడండి. పాప ఎక్కడ నొక్కుతుందో అక్కడే నొక్కండి. ఆట అయిపోగానే ఏమొచ్చింది? ఇంకో ఆటా, లేక ‘నాకిది కావాలి’ అంటూ గుండె గుర్తా? ఆటలోని కుందేలును ముట్టుకుంటే ఆ కుందేలు ధర కనిపించిందా? కొనే బటన్ ఎన్ని నొక్కులకు వచ్చిందో కాగితం మీద రాసుకోండి. రెండు నొక్కులకే వచ్చేస్తే ఆ సైటు వద్దు. అమ్మకాలను పెద్దల పేజీలో విడిగా పెట్టి, అక్కడికెళ్లే ముందు చిన్న లెక్క చేయమనే సైటు నయం. (కూడికలు వచ్చిన పిల్లల దగ్గర ఆ అడ్డు నిలవదు లెండి, మీ పాపకైతే ఇప్పటికి చాలు.)

పాపను కోప్పడి లాభం లేదు. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ప్రకటన వెనకున్న ఉద్దేశం అర్థం కాదని, చూసింది చూసినట్టు నమ్మేస్తారని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం 2004లోనే తేల్చింది. 

ఇక రెట్టింపైన ఖర్చు. మీరు రాయలేదు గానీ, అవి ‘సెట్’ బొమ్మలేమోనని నా అనుమానం. డబ్బా విప్పేదాకా లోపల ఏముందో తెలియదు. సైటులో మాత్రం ఇంకా దొరకని బొమ్మలకు ఖాళీ గడులు కనిపిస్తుంటాయి. సెట్‌లో 12 బొమ్మలున్నాయనుకుందాం, అన్నీ సమానంగానే దొరుకుతాయనీ అనుకుందాం. అది పూర్తి కావడానికి 12 డబ్బాలు సరిపోవు, సగటున 37 కొనాలి. 11 దొరికాక మిగిలిన ఆ ఒక్కదాని కోసమే సగటున మరో 12 డబ్బాలు విప్పాలి! అందులో ‘అరుదైన బొమ్మ’ అని ఒకటుంటే ఇంకా ఎక్కువే. అందుకే డబ్బా ధరను 37తో హెచ్చవేసి, అంత పెట్టడానికి ఒప్పుకుంటారేమో మీరూ మీవారూ మాట్లాడుకోండి. ఖాళీ గడులు చూపించే సైటుకు నేనైతే సున్నా వేస్తాను.

పేరు, పుట్టినరోజు, ఫొటో ఇస్తే తప్ప ఆడనివ్వని సైటుకూ అంతే. 2015లో వీటెక్ అనే బొమ్మల కంపెనీ మీద హ్యాకర్లు పడితే 60 లక్షలకు పైగా పిల్లల వివరాలు బయటి చేతుల్లోకి పోయాయి. రంగులు వేయడానికి పుట్టినరోజుతో పనేమిటి?

కార్డు విషయంలో మీరొక్కరే కాదు. ఒకప్పుడు యాపిల్ ఫోన్లలో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే తర్వాత 15 నిమిషాల దాకా మళ్లీ అడగకుండానే పిల్లలు యాప్‌లలో కొనేయగలిగేవారు. అక్కడ కొనుగోలుదారులకు మోసం జరగకుండా చూసే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని పట్టుకుంది. 2014లో కనీసం 3.25 కోట్ల డాలర్లు తల్లిదండ్రులకు వాపసు ఇచ్చేందుకు యాపిల్ ఒప్పుకుంది. మీరూ అడగండి. చిన్నపిల్ల పొరపాటున కొన్నదని, ఆర్డర్ నంబరు, తేదీ వేసి కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టండి. బ్యాంకుకూ చెప్పండి, ఇలాంటి ఫిర్యాదులకు గడువుంటుంది. కట్ అయింది ఒక్కసారి డబ్బేనా, నెలనెలా పోయే చందానా అన్నది స్టేట్‌మెంట్‌లో చూడండి. చందా అయితే ముందు దాన్ని రద్దు చేశాకే మిగతా పనులు.

తర్వాత, పాప వాడే ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో సేవ్ అయి ఉన్న కార్డును తీసేయండి. బొమ్మలకని ఒక ప్రీపెయిడ్ కార్డు పెట్టుకుని, నెల మొదట్లో అనుకున్నంత అందులో వేయండి. దాని నంబరు ఎక్కడా సేవ్ చేయొద్దు, ప్రతిసారీ మీరే టైప్ చేయండి. మధ్యలో అయిపోతే మళ్లీ ఒకటో తారీఖునే.