తాళంచెవి చప్పుడుకే వణికిపోతుంటే

మీ కుక్క చేసే గొడవ గురించి రాశారు కదా, అది మొండితనం కాదండి, ఒంటరిగా ఉండాలంటే భయం. మీరు ఆఫీసుకు వెళ్లగానే తలుపు గీరడం, ఎదురు ఫ్లాట్ వాళ్లకు వినపడేలా ఏడవడం, గుమ్మం దగ్గరే మూత్రం పోయడం, మీరు రాసిన మూడూ ఆ భయం లక్షణాలే.

చాలామంది వదిలేసేది మొదటి మెట్టే. భయం చాలాసార్లు మీరు వెళ్లాక కాదు, తాళంచెవి తీసినప్పుడే మొదలవుతుంది. మా లాబ్రడార్ అయితే నేను సాక్సులు తొడుక్కుంటుంటేనే చెవులు వెనక్కి వాల్చి, మూతి నాక్కుంటూ నా వెంటే తిరిగేది.

1. రోజుకు 10 సార్లయినా తాళంచెవి తీసి, మళ్లీ పెట్టేసి కూర్చోండి. చెప్పులు వేసుకుని టీవీ చూడండి. బ్యాగు భుజాన వేసుకుని వంటింట్లో కాఫీ కలుపుకోండి. అది తల కూడా ఎత్తకుండా పడుకునేదాకా ఇదే పని. వారాలు పట్టినా తొందరపడొద్దు.

2. ఆ తర్వాతే తలుపు దాటండి. 5 సెకన్లు, 10, తర్వాత 30. ఏడుపు మొదలయ్యేలోపే తిరిగి రావాలి. పాత ఫోన్‌లో వీడియో పెడితే ఎక్కడ టెన్షన్ పడుతోందో తెలుస్తుంది.

3. ఇలా అలవాటు చేస్తున్నన్ని రోజులూ ఎక్కువసేపు ఒంటరిగా వదలొద్దు. ఇంట్లోవాళ్లనో, పక్కింటివాళ్లనో తోడుంచండి. లేకపోతే చేసిందంతా వెనక్కి పోతుంది.

తిట్టొద్దు, కట్టేయొద్దు, పాపం భయం ఇంకా పెరుగుతుంది. గోళ్ల నుంచి రక్తం వచ్చేలా గీరుతున్నా, మీరు లేనప్పుడు ఇష్టమైన తిండి కూడా ముట్టకపోయినా పశువైద్యుడికి చూపించండి. అవసరమైతే ఆయనే మందు రాస్తారు, మీ అంతట మీరు ఏదీ వేయొద్దు.