నెల్లూరులో నాట్య ప్రదర్శనలు ఎక్కడ చూడొచ్చు? నాట్యంతోనే బతకొచ్చా?

వీఆర్‌సీ సెంటర్ దగ్గరి టౌన్‌హాల్, కస్తూర్బా కళాక్షేత్రంపై కన్నేసి ఉంచండి. ఫాల్గుణంలో పెన్నా ఒడ్డున రంగనాథస్వామి బ్రహ్మోత్సవాలు, దసరాకు దర్గామిట్ట రాజరాజేశ్వరి అమ్మవారి గుడి కూడా. సాధారణంగా టికెట్ ఉండదు. అతిథుల ప్రసంగాలు, శాలువాలు అయ్యేదాకా ఓపిక మాత్రం కావాలి. ఎక్కువగా చూసేది కూచిపూడి. చెన్నై మూడు గంటల దూరమే కాబట్టి భరతనాట్యమూ ఉంటుంది.

బతుకుతెరువంటే కష్టమే. గుడి ప్రోగ్రాంలో చేతికొచ్చేది మేకప్‌కి, ఆహార్యానికి (దుస్తులు, నగలు), ప్రయాణానికే చాలదు. పాట, మృదంగం, వయొలిన్‌ వాళ్లను పిలిస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది, అందుకే చాలామంది రికార్డు పెట్టి ఆడతారు. నాకైతే అది సగం నాట్యమే. ఇల్లు గడిచేది సాయంత్రం క్లాసుల ఫీజులతో. పరీక్షల నెలల్లో పిల్లలు మానేస్తే అవీ తగ్గుతాయి.