మాట పోయిన నాన్నతో, వార్డులో డాక్టర్లతో మాట్లాడేదెలా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. వారం కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాట పోయింది. విజయనగరంలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. ఆయన ఏదో చెప్పబోతారు, మాకు అర్థం కాకపోతే కోపం తెచ్చుకుంటారు. డాక్టర్లు రౌండ్స్‌లో రెండు ముక్కలు చెప్పి వెళ్తారు. అన్నదమ్ములం ముగ్గురం తలో రకంగా అనుకుంటున్నాం. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, రాజాం

జవాబు: కుడి పక్క పడిపోయి మాట కూడా పోయిందంటే, చాలామందిలో భాషను నడిపించే ఎడమ మెదడు దెబ్బతిన్నదని అర్థం. ఇలా మాట పోవడాన్ని అఫేసియా అంటారు. మాట బయటకు రాకపోయినా, విన్నది అర్థం చేసుకునే శక్తి కొందరిలో చాలావరకు, కొందరిలో కొంతమేర మిగిలే ఉంటుంది. అందుకని ఆయన మంచం పక్కనే నిలబడి ఖర్చుల గురించో, కోలుకుంటారా లేదా అనో మాట్లాడుకోవడం దయచేసి ఈరోజే మానండి. ఆ కోపంలో సగం దానివల్లే కావచ్చు.

ముందుగా ఆయన చెప్పే అవును, కాదు ఎంతవరకు నమ్మదగినవో చూడాలి. ఈ జబ్బులో అవుననబోయి కాదనడం మామూలే. మీకు జవాబు తెలిసినవే అడగండి: ‘మనది రాజాం కదా?’ అని, కాసేపాగి ‘మనది సాలూరు కదా?’ అని. రెండింటికీ ఒకేలా తల ఊపితే, అవునైతే ఎడమ చేతి బొటనవేలు ఎత్తి చూపించమని అడిగి చూడండి. ఒక్కసారి ఒక్కరే, ఇంట్లో మాట్లాడే యాసలోనే, చిన్న మాటల్లో అడిగి జవాబు కోసం ఓపిగ్గా ఆగండి. ఆయన మొదలుపెట్టిన మాటను మీరు పూర్తి చేయకండి. కళ్లజోడు వాడేవారైతే అది పెట్టండి. ఒక అట్ట మీద నీళ్ల గ్లాసు, మరుగుదొడ్డి, దుప్పటి, నొప్పితో ఉన్న ముఖం పెద్దగా గీసి ఎడమ వైపు అందేలా ఉంచండి. కొందరికి కుడి పక్క చూపు కూడా తగ్గుతుంది. రాత కూడా దెబ్బతిని ఉండవచ్చు కనుక రాయమని బలవంతం చేయవద్దు. ఒక ముఖ్యమైన హెచ్చరిక: నీళ్ల బొమ్మ చూపించారని వెంటనే తాగించకండి. మింగడం దెబ్బతిని ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా రావచ్చు. సిస్టర్‌ని అడిగాకే ఇవ్వండి.

ఇక డాక్టర్ల సంగతి. ముగ్గురిలో ఒక్కరే మాట్లాడాలని నిర్ణయించుకుని, ఆ పేరు, ఫోన్ నంబరు కేస్‌షీట్‌లో రాయించండి. రౌండ్స్ హడావిడిలో కాకుండా తీరిగ్గా ఎప్పుడు మాట్లాడవచ్చో అడిగి, ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్లండి. డాక్టరు చెప్పిన తర్వాత ‘నాకు అర్థమైంది ఇదండీ’ అని తిరిగి ఆయనకే చెప్పండి; పొరపాటు ఉంటే అక్కడికక్కడే దిద్దుతారు. ప్రశ్నలు అడిగితే విసుక్కుంటారేమోనని చాలామంది వెనకాడతారు, కానీ అడగడం మీ హక్కు. రికార్డుల నకళ్లు కోరితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి చెబుతోంది. ఏదైనా పరీక్షకో, ఆపరేషన్‌కో సంతకం అడిగితే, అదేమిటో నాన్నగారికి కూడా వివరించి, ఆయన సమ్మతి తెలుసుకోమని డాక్టరును కోరండి.

డ్యూటీ మారిన ప్రతిసారీ కొత్త సిస్టర్ వస్తారు కాబట్టి, ఆయన అవును, కాదు ఎలా చూపిస్తారో రాసి మంచం తలవైపు అంటించండి. స్పీచ్ థెరపీ ఎప్పుడు మొదలుపెడతారో రేపటి రౌండ్స్‌లోనే అడగండి. మెరుగుదల మొదటి కొన్ని నెలల్లోనే వేగంగా కనిపిస్తుంది కనుక, డిశ్చార్జి వరకు ఆగవలసిన పని లేదు.