హీటర్ వేస్తే తియ్యటి వాసన: ముందు కార్పెట్ చూడండి

కారులో హీటర్ వేసినప్పుడే తియ్యటి వాసన, ముందు అద్దానికి లోపలివైపు జిడ్డు మసక కనిపిస్తున్నాయా? రెండూ కలిసి వచ్చాయంటే నా అనుమానం హీటర్ కోర్ (కారు లోపలి గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్) మీదే, అందులోంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, కారుతున్నట్టుంది. ఆ తీపి వాసన సాధారణంగా దానిదే. డ్యాష్‌బోర్డు కింద మ్యాట్ ఎత్తి కార్పెట్ తడిమి చూడండి. మామూలు నీళ్లయితే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉండొచ్చు. వేళ్లకు జారుడుగా, జిగటగా తగిలితే కూలెంటే, చేతులు వెంటనే కడుక్కోండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే కూలెంట్ మట్టం చూడండి. వేడి మీద మూత తిప్పితే మొహం మీదికి చిమ్ముతుంది!

కోర్ మార్చాలంటే చాలా కార్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి, పెద్ద పని. అందుకే ముందు కోర్‌కి వెళ్లే గొట్టాల (హోస్) క్లిప్పులు వదులయ్యాయేమో మెకానిక్‌కి చూపించండి. లీక్ ఆపే పౌడర్లు నేనైతే పోయను. ఈలోగా టెంపరేచర్ ముల్లు పైకి పోతే మాత్రం బండి ఆపేయండి.