తాతకు పెట్టని పంచె

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో, స్టాలిన్‌గ్రాడ్ మంచులో చచ్చిపోతున్న ఆ కుర్రాడి మీద నీ జాలి నిజమైనదే. కానీ ఆ మంచు నువ్వు సినిమాల్లో చూసిన మంచు. అంత చలిలో మనిషికి ముందు ఏ వేలు తిమ్మిరెక్కుతుందో నీకు తెలీదు, నాకూ తెలీదు. తెలీని చోటల్లా నువ్వు ఫిరంగి పేల్చేశావు. ఒక్క ఏడో పేజీలో మాత్రం నేను ఆగిపోయాను. ఆ కుర్రాడు కన్నుమూసే ముందు "ఇంటి చూరులో దాచిన ఉత్తరం" అంటాడు. అది రష్యా చూరు కాదు, టెక్కలి పక్క మీ పల్లెలో తాటాకు చూరు. నీకు తెలీకుండానే వచ్చి కూర్చుంది. నువ్వు రాయాల్సిన కథ దాని వెనకాల ఉంది.

"యుద్ధం మన వైపు రాలేదు కదండీ, అందుకే అక్కడ పెట్టాను" అని రాశావు. వచ్చింది బాబూ. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. విశాఖ జనం మూటలు నెత్తిన పెట్టుకుని లోపలి పల్లెలకు వచ్చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకు తరలిపోయింది. అయినా మన ఇళ్లలోకి యుద్ధం దూరింది ఆ బాంబుల వల్ల కాదు, రంగం వల్ల.

మీ ఇంట్లో ముసలివాళ్లు బర్మాలోని రంగూన్‌ని రంగం అనే అంటారు కదా. మన తీరం నుంచి ఓడలెక్కి అక్కడి రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనికి పోయినవాళ్లు ఎందరో. 1931 జనాభా లెక్కల్లో రంగంలో సగానికి పైగా మన దేశంవాళ్లే. 1941 డిసెంబరు 23న అక్కడ బాంబులు పడ్డాయి. మార్చికల్లా ఊరు జపానువాళ్ల చేతికి పోయింది. నాలుగైదు లక్షల మంది బర్మా వదిలి బయల్దేరారు. ఓడల్లో చోటు దొరికినవాళ్లు కొద్దిమంది. మిగిలినవాళ్లు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగుకీ, సరిహద్దు ఊరు తమూ దాటి మణిపురానికీ నడిచారు. ఆ నడకలో కూడా తెల్లవాళ్లకు ఒక దారి, మనవాళ్లకు ఒక దారి. కలరాతో, మలేరియాతో, ఆకలితో వేలమంది దారిలోనే పోయారు.

మా తాత ఆ దారిలోనే ఉండిపోయాడు. 1938లో విశాఖలో ఓడ ఎక్కాడట. నాన్నకి అప్పుడు నాలుగేళ్లు. నలభై ఒకటి దాకా మనియార్డర్లు వచ్చాయి, తర్వాత లేవు. మా ఊరి మనిషొకాయన నెలల తరబడి నడిచి, ఎముకల గూడై ఇల్లు చేరాడు. "ప్రోము దాకా ఇద్దరం కలిసే ఉన్నాం, తర్వాత జనంలో తప్పిపోయాం" అన్నాడు. అంతే కబురు. పోయాడని చెప్పినవాళ్లు లేరు, ఉన్నాడని చెప్పినవాళ్లూ లేరు.

మా మామ్మ బొట్టు తియ్యలేదు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు ముత్తాతకి పంచె, ముత్తవ్వకి కోక వరసగా పెట్టేవారు. తాతకి పెడదామని ఎవరన్నా నోరు తెరిస్తే మామ్మ ఒకటే మాట, "బతికున్నోడికి పెద్దల్లో పెడతార్రా?" నాన్నకి ఖర్గపూర్‌లో రైల్వే పని దొరికింది. వెళ్లలేదు. ఇల్లు కదిలితే ఉత్తరం ఎక్కడికొస్తుందిరా అని మామ్మ కదల్లేదు, ఆమెను వదిలి నాన్న కదల్లేదు. నాన్న కూలి బతుకూ, నేను ఆలస్యంగా బడికెళ్లడమూ అన్నీ ఆ ఉత్తరం మీదే ఆధారపడ్డాయి. 1981లో మామ్మ బొట్టుతోనే పోయింది. ఆ మరుసటి సంక్రాంతికి నాన్న వరసలో కొత్త కోక పెట్టి, దాని పక్కన పంచె పెట్టాడు. తండ్రి ముఖం గుర్తులేని మనిషి, నలభై ఏడేళ్ల వయసులో. ఆ రోజు ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. ఇది రాయడానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది, ఇప్పటికీ సరిగ్గా రాశానన్న ధైర్యం లేదు.

యుద్ధం మాటల్లో కూడా మిగిలిపోతుంది. రేషన్ బియ్యాన్ని మా ఊరి పెద్దవాళ్లు కంట్రోలు బియ్యం అంటారు. ఆ కంట్రోలు యుద్ధం రోజుల ధరల కంట్రోలే. బర్మా బియ్యం ఆగిపోయింది, సైన్యం కోసం కొనుగోళ్లు పెరిగాయి, ధరలు చేతికందలేదు. బెంగాల్‌లో 1943 కరువుకి 30 లక్షల మంది దాకా చచ్చిపోయారు. మన దగ్గర అంత ఘోరం లేకపోయినా చోడి (రాగి) అంబలితో నెట్టుకొచ్చిన ఇళ్లు ఎన్నో. మా మామ్మ వండే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు వెనక్కి కుండలో వేసేది. గాదె నిండుగా ఉన్న ఏడు కూడా వేసేది. మా అమ్మ ఆమెను చూసి నేర్చుకుంది. ఇవాళ నేనూ వేస్తాను, ఎందుకని అడిగితే వెంటనే జవాబు రాదు.

బొబ్బిలి సంగతి చూడు. 1757 జనవరి 24న ఆ కోట కూలింది. అప్పుడు ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ప్రపంచమంతటా కొట్టుకుంటున్నారు. ఆ పోరులోంచే ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు విజయనగరం రాజుకు తోడుగా బొబ్బిలికి వచ్చాయి. కోటలో ఆడవాళ్లనీ పిల్లల్నీ సొంతవాళ్లే చంపుకున్నారు. ఆ కథ బుర్రకథగా ఊరూరా తిరిగింది, ఆ విజయనగరం రాజు చెల్లెలని చెప్పుకునే పైడితల్లి సిరిమాను రూపంలో ఏటా మా వీధిలోంచే వెళుతుంది. రంగం నుంచి నడిచినవాళ్ల మీద మాత్రం అలాంటి పాటేదీ నా చెవిన పడలేదు. రాజు లేడు, కోట లేదు. వాళ్లు కూలివాళ్లు. నాకు దీని మీద కోపముంది, నీకూ ఉండాలని కోరుకుంటున్నాను.

అడిగే పద్ధతి ఒకటి చెబుతాను. ఆ రోజులు గుర్తున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటుతున్నాయి. "యుద్ధం గుర్తుందా?" అని అడక్కు, లేదంటారు. "ఆ ఏడు ఏం తిన్నారు? మీ ఇంటి నుంచి రంగం ఎవరెళ్లారు? ఎవరు తిరిగొచ్చారు?" అని అడుగు. ఫోన్లో రికార్డు చేసుకో, కానీ ఫోను వాళ్ల ముఖం ముందు పెట్టకు. వాళ్లు ఏడిస్తే ఆ రోజుకి ఆపెయ్. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథల గ్రంథాలయం, కథానిలయం ఉంది, రెండు రోజులు అక్కడ కూర్చుని ఆనాటి కథలు చదువు. అప్పటి మనుషులు ఎలా మాట్లాడుకునేవారో తెలుస్తుంది.

ఇంకొకటి. నీ కథలో 1942లో శ్రీకాకుళం జిల్లా కలెక్టరు ఉన్నాడు. ఆ జిల్లా ఏర్పడింది 1950లో. అప్పుడు మీరంతా విశాఖ జిల్లా. ఇలాంటి తప్పు ఒక్కటి కనిపిస్తే చాలు, చదివేవాడు మిగతాదంతా అనుమానంగా చూస్తాడు.

స్టాలిన్‌గ్రాడ్ కథ చించకు, పక్కన పెట్టు. వచ్చే సంక్రాంతికి మీ ఇంట్లో పెద్దల బట్టల వరస దగ్గర కూర్చుని ఏ బట్ట ఎవరిదో అడుగు. ఎవరికి పెట్టలేదో కూడా అడుగు. ఆ చూరులో ఉత్తరం ఎవరు దాచారో కనుక్కో. కథగా వద్దు, ముందు నాకు ఉత్తరంగా రాయి. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
నీ మాస్టారు